ముక్కమ్మ మాట

పెద్ద గిన్నె మీద మూత తీయగానే ఆవిరి గుప్పున లేచి ఆమె ముఖానికి కొట్టింది. కళ్ళజోడు మసకబారింది, నుదుటికి చెమ్మ పట్టింది, అంతే, ఇంకేమీ లేదు. వేడి తెలిసింది, తడి తెలిసింది, వాసన మాత్రం రాలేదు. రాదని ఆమెకు ముందే తెలుసు, అయినా ప్రతిసారీ వంగుతుంది, ప్రతిసారీ కళ్ళు మూసుకుని గాలి లోపలికి పీలుస్తుంది, ఏమో, ఇవాళైనా వస్తుందేమో, ఏ మూలనుంచో ఒక్క పోగైనా తగులుతుందేమో అని. ఆస్పత్రి వంటగదిలో చేతులన్నీ ఆగిపోయాయి. కూరగాయలు తరిగేవాళ్ళు కత్తులు పక్కన పెట్టారు. గోడ వారన బళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి, వాటి మీద ఖాళీ గిన్నెలు, గిన్నెల మీద వార్డుల పేర్లు. ఆహార తనిఖీ ఉన్న రోజున తనిఖీ అధికారిగా ఆమె వాసన చూసి, ఒక ముద్ద నోట పెట్టుకుని, సరే అన్నాకే బళ్ళు కదలాలన్నది ఇక్కడి పద్ధతి. ఆమె సరే అంటే ఈ జావ లిఫ్టెక్కి పై అంతస్తులన్నిటికీ వెళ్తుంది, కాలు విరిగినవాళ్ళకి, కడుపు కోసినవాళ్ళకి, నిన్నగాక మొన్న బిడ్డను కన్నవాళ్ళకి. ఆ కన్నవాళ్ళలో ఆమె కూతురు కూడా ఉంది. "కొంచెం చల్లారనివ్వండి," అంది ఆమె, ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందో తనకే ఆశ్చర్యం వేసింది. "వేడి మీద తెలియదు." పెద్ద వంటాయన తల ఊపాడు. అవును మరి, ముక్కమ్మ అన్నాక తిరుగేముంది.

ముక్కమ్మ. ఎవడు పెట్టాడో ఆ పేరు, ఆఫీసులో ప్యూను దగ్గర్నుంచి పై అధికారి దాకా అందరి నోటా అదే, ఎదురుగా మేడమ్, వెనకాల ముక్కమ్మ. మొదట్లో ఉక్రోషం వచ్చేది, తర్వాత ఒంటికి పట్టిన చీరలా అలవాటైపోయింది, ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, లోలోపల గర్వంగా కూడా ఉండేది. నూనెల వ్యాపారి కొట్లో గుమ్మం దాటకుండానే నిలబడి, ఆ కింది వరసలో చివరి డబ్బా తీయించండి, అని తను అన్నప్పుడు ఆ మనిషి ముఖం పాలిపోవడం, డబ్బా తీస్తే పాత నూనెలో సుగంధం కలిపి కొత్త మూత బిగించి ఉండడం, వెంట వచ్చిన కుర్ర అధికారులు ముక్కున వేలేసుకోవడం. ఎలా తెలిసింది మేడమ్, అంటే ఏం చెబుతుంది? తెలిసింది, అంతే. నాన్న ధాన్యం గిడ్డంగిలో పనిచేసేవాడు, చిన్నప్పుడు వెంట తీసుకెళ్ళి, కళ్ళు మూసి, దోసిట్లో గింజలు పోసి, చెప్పవే తల్లీ, ఇవి వానలో తడిసినవా, ఎలుకలు తిరిగినవా అని అడిగేవాడు. సరిగ్గా చెబితే భుజాన ఎక్కించుకునేవాడు. నాన్న భుజం, చెమట, గోనె, పొగాకు. ఆ మాటలు మాత్రమే మిగిలాయి ఇప్పుడు, చెమట అనే మాట ఉంది, గోనె అనే మాట ఉంది, తలుచుకుంటే ముందు ముక్కుకి తగిలి ఆ తర్వాత కళ్ళకి కనబడేవాడు నాన్న, ఇప్పుడు అద్దం అవతల నిలబడ్డట్టు కనబడతాడు గానీ దగ్గరికి రాడు. ఆ జ్వరం ఒక్క ముక్కునే పట్టుకుపోయిందనుకుంది మొదట్లో, ఎంతమంది మనుషుల్ని పట్టుకుపోయిందో మెల్లగా తెలిసొచ్చింది.

వానల్లో వచ్చిన జ్వరం, ఊరంతా వచ్చింది, అందరికీ తగ్గింది, తనకీ తగ్గింది. లేచి తిరుగుతోంది, తింటోంది, ఉప్పు తెలుస్తోంది, తీపి తెలుస్తోంది, ఏదో నోరు బాగాలేదులే అనుకుంది. ఒకరోజు సాయంత్రం పాలు పొయ్యి మీద పెట్టి పక్కగదిలో కూర్చుని పేపరు తిరగేస్తోంది. భర్త వీధి తలుపు తీసుకుని వస్తూనే దగ్గుతూ వంటింట్లోకి పరిగెత్తాడు. పాలు పొంగి, ఇంకి, అడుగంటి, గిన్నె బొగ్గయిపోయింది, ఇల్లంతా పొగ, ఆమె గుమ్మంలో నిలబడి ఆ పొగను కళ్ళతో చూస్తోంది. అంత వేళాకోళాల మనిషి, అందరికీ కోపమే ముక్కు మీద ఉంటుంది, మా ఆవిడకి ఉద్యోగం కూడా ముక్కు మీదే అని చుట్టాల్లో ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు, ఆ రోజు మాత్రం కిటికీలన్నీ తీసి, గిన్నె నీళ్ళలో నానబెట్టి, వచ్చి పక్కన కూర్చున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆఫీసులో చెప్పెయ్యి, అన్నాడు ఆయన. చెబుతాను, అంది. చెబుతాను, ఈ వారం కొంచెం పనెక్కువగా ఉంది, వచ్చే వారం చెబుతాను, చలి ముదిరేసరికి దానంతటదే వచ్చేస్తుందేమో చూద్దాం. చెబితే ఏమవుతుంది, ఏదో బల్ల ముందు కూర్చోబెడతారు, జీతం ఎక్కడికీ పోదు. కానీ ముక్కు లేని ముక్కమ్మ ఎవరు? ఆ ప్రశ్న దగ్గరే ప్రతిసారీ ఆగిపోతుంది, ఇప్పుడు కూడా ఆగింది.

పెద్ద గరిటెతో జావ కలుపుతున్న ఆవిడ మళ్ళీ ఒక తిప్పు తిప్పింది, అడుగున మెల్లగా బుడగ లేచి పగిలింది. పిండి ఉండ కట్టలేదు, పాలు విరగలేదు, రంగు బాగుంది. కళ్ళతో చూడగలిగినంతా చూసింది ఆమె. జ్వరం తర్వాత పని ఆగలేదు మరి. పాలచుక్క పలక మీద జారే తీరు చూసేది, కారప్పొడి నీళ్ళలో వేసి చూసేది, నూనె నురగ చూసేది, అవన్నీ చదువుకున్న పనులే. వాసన చూడాల్సిన చోట మాత్రం కొత్త విద్య ఒకటి పట్టింది. గిన్నె మీదకి వంగి, గట్టిగా పీల్చి, తల పైకెత్తి ఎదుటివాడి కళ్ళలోకి చూసేది. అంతే. దొంగసరుకు అమ్మేవాడు ముక్కమ్మ చూపు తట్టుకోలేడు, కనురెప్ప అదురుతుంది, చెయ్యి ఎక్కడికో పోతుంది, అమ్మా అది నిన్నటిదండీ అంటూ తనే మొదలుపెడతాడు. పేరే పని చేసేది, ముక్కుతో అవసరం లేకుండా పోయింది. తను ఏదో గొప్ప కిటుకు కనిపెట్టినట్టు ఒకటి రెండుసార్లు నవ్వుకుంది కూడా, సిగ్గులేకుండా. తప్పు చేసినవాడికి తన తప్పు తెలిసి ఉంటేనే ఆ కిటుకు పనిచేస్తుందని అప్పుడు తట్టలేదు. తెలియనివాడి కళ్ళలో ఏం కనబడుతుంది?

ఇందాక సామాన్ల గదిలో కనబడిన ఆ చార. నేలా గోడా కలిసే చోట పొడుగునా, ఆరీ ఆరకుండా, జిడ్డుగా. ఇదేమిటని అడిగింది. "నిన్న సాయంత్రం పురుగుల మందు కొట్టించామండీ," అన్నాడు పెద్ద వంటాయన. "బొద్దింకలు ఎక్కువయ్యాయని పోయినసారి మీరే కోప్పడ్డారు కదా." పిండి బస్తాలు బయట పెట్టాకే కొట్టారా అంటే, "బయట పెట్టమనే చెప్పానండీ, నా డ్యూటీ అయిపోయి వెళ్ళిపోయాను, పొద్దున వచ్చేసరికి బస్తాలు ఎక్కడివక్కడే ఉన్నాయి," అన్నాడు. కడిగిన అద్దాల్లా ఉన్నాయి ఆయన కళ్ళు, అబద్ధం లేదు, భయం లేదు, మందు పిండికి తగిలిందో లేదో ఆయనకే తెలియదు. ఒక బస్తా అడుగు కొంచెం నల్లబడి ఉంది, తాకితే పొడిగానే ఉంది. నేల కడిగిన నీళ్ళు కావచ్చు. మందు కావచ్చు. గుప్పెడు పిండి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది, మెత్తగా, తెల్లగా, చల్లగా, ఏమీ చెప్పకుండా అరచేతిలో పడుకుంది పిండి. సంచీలో ఉన్న చిన్న పరీక్ష సీసాలేవీ పురుగుల మందును పట్టలేవు, ల్యాబుకు పంపితే ఫలితం వచ్చేసరికి ఈ జావ తాగినవాళ్ళు ఇళ్ళకైనా వెళ్ళి ఉంటారు, లేదంటే. ఆ లేదంటే తర్వాత మాట తలపుకు రానివ్వలేదు. పిండి గిన్నెలో పడిపోయింది అప్పటికే, జావ ఉడుకుతోంది. బతికున్న ముక్కు ఒక్క ఊపిరిలో చెప్పేసే సంగతి. నాన్న అయితే గది బయటి నుంచే చెప్పేవాడు.

మరి ఇంతమంది ఉన్నారు కదా ఇక్కడ? పిండి పోసినవాళ్ళు, కలిపినవాళ్ళు, పొద్దుటి నుంచి ఈ పొయ్యి చుట్టూనే తిరుగుతున్నవాళ్ళు, ఒక్కరికీ ఏ వాసనా తగల్లేదంటే ఏమీ లేనట్టే కదా. ఆ ఆలోచన వచ్చి గుండె కొంచెం కుదుటపడింది. తల తిప్పి వాళ్ళ ముఖాలు చూసింది, ముఖాలు లేవు. కళ్ళే ఉన్నాయి. ముక్కూ మూతీ కలిపి మందపాటి గుడ్డలు, రెండు మడతలు, వెనక ముడి. వంటవాళ్ళ తుమ్మూ తుంపరా గిన్నెల్లో పడకూడదని తనే పెట్టించిన నిబంధన. మొదట్లో ఊపిరాడదమ్మా అని గొణిగారు, కట్టుకోకపోతే వంటగది మూయిస్తానంది, కట్టుకున్నారు. ఆ గుడ్డలకి చెమట కంపు ఎక్కుతుందని తలనొప్పి మందు కొంచెం లోపలివైపు రాసుకోవడం మొదలుపెట్టారు. ఇందాక గరిటె ఆవిడ చీర కొంగు దగ్గర చిన్న డబ్బీ కనబడింది, ఏమిటది అంటే, "ఘాటుగా ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది మేడమ్, అందరం రాసుకుంటాం," అంది కళ్ళతోనే నవ్వుతూ. అందరం. ఆమె ఆ మాటను ఇప్పుడు మళ్ళీ విన్నది. ఈ గదిలో ఎవరికీ ఆ డబ్బీలో మందు తప్ప ఇంకే వాసనా తెలియదు. ఇంతమందిలో గుడ్డ కట్టని ముక్కు ఒక్కటే ఉంది, అది తనది, అది చచ్చిపోయింది. అమ్మో, అనుకుంది. పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. "నీళ్ళు తాగుతారా మేడమ్?" అన్నాడు పెద్ద వంటాయన. వద్దని చెయ్యి ఊపింది.

పొద్దున పైకి వెళ్ళింది, పని మొదలుపెట్టే ముందు. ఈ రోజు ఈ తనిఖీ ఇంకొకరికి మార్పించుకోవచ్చు, పై అధికారి అడిగాడు కూడా, కూతురు పురిట్లో ఉంది కదమ్మా అని. నా కూతురు తినే తిండి నేనే చూస్తాను సార్, అని పట్టుబట్టింది. ఎంత పొగరు, ఎంత ధీమా. కూతురు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది, జుట్టు చెదిరి, కళ్ళ కింద నలుపు, అయినా ముఖంలో ఏదో వెలుగు. బిడ్డని ఎత్తి చేతుల్లో పెట్టింది. "అమ్మా, మాడు మీద వాసన చూడవే, ఎంత బాగుందో. నేను పొద్దుటి నుంచీ అదే పని." వంగింది. పెదాలకి మెత్తగా తగిలింది, వెచ్చగా తగిలింది, మాడు పుటపుటమని కొట్టుకోవడం తెలిసింది. "పాల వాసన కదే?" అంది కూతురు. "అవునే, పాల వాసన," అంది ఆమె. ఆ అబద్ధం అక్కడితో అయిపోతే బాగుండును. కానీ అదే గొంతు, అదే తీరు, ఎన్ని వంటిళ్ళలో ఎంతమందికి చెప్పింది తను, బాగుంది, బాగుంది అని, కూతురికి చెప్పినప్పుడు గానీ ఆ గొంతు ఎలా ఉందో వినబడలేదు. ఆకలేస్తోందా అని అడిగితే, "ప్రాణం పోతోంది, జావ ఎప్పుడొస్తుందో," అంది కూతురు. వస్తుందిలే, నేను చూసి పంపిస్తాను, అని దిగి వచ్చింది.

చల్లారింది జావ, పైన సన్నటి పొర కట్టింది. గరిటె ఆవిడ చిన్న గిన్నెలో పోసి తెచ్చి ముందు పెట్టింది. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిపోయింది. పాల తీపి. మెత్తదనం. నాలుక చివర చేదా? చేదే అనుకుంటే చేదు, కాదనుకుంటే కాదు, భయానికి కూడా చేదే ఉంటుంది. పోనీ, బాగాలేదు, పారబోయండి అనేస్తే? ముక్కమ్మ మాట, ఎవరూ ఎదురు చెప్పరు. ఎవరూ తాగరు, ఎవరికీ ఏమీ కాదు, తన పేరు తనకి ఉంటుంది, ఇంకా పెరుగుతుంది కూడా, చూశారా ఎలా పట్టేసిందో అంటారు. ఒక్క క్షణం ఆ దారి ఎంత చల్లగా కనబడిందో. కానీ వాసన వచ్చిందని రాయాలి, రాస్తే ఆస్పత్రి సూపర్‌వైజరు పెద్ద వంటాయన్ని సాయంత్రానికల్లా బయటికి పంపేస్తాడు, కాంట్రాక్టు మనిషి, అడిగే దిక్కు లేదు. జావలో నిజంగా ఏమీ లేకపోతే? ఏ తప్పూ చేయని మనిషి పొట్ట కొట్టి తన పేరు నిలబెట్టుకున్నట్టు కాదూ? బాగుందంటే ఒక అబద్ధం, బాగాలేదంటే ఇంకో అబద్ధం, ఒకటి పైనున్నవాళ్ళ ప్రాణాల మీదకి, ఒకటి ఎదురుగా నిలబడ్డవాడి బతుకు మీదకి. తనకి తెలిసింది ఒక్కటే, తనకి తెలియదు అన్నది. పైనుంచి గంట మోగింది, వార్డులకి తిండి వేళ. బళ్ళ దగ్గర ఉన్నవాళ్ళు పిడుల మీద చేతులు వేశారు.

"గుడ్డలు తీసెయ్యండి," అంది ఆమె.

ఎవరికీ అర్థం కాలేదు. "ఏం గుడ్డలు మేడమ్?" అంది గరిటె ఆవిడ.

"మూతికి కట్టుకున్నవి. అందరూ తీసి, సబ్బుతో ముఖాలు కడుక్కుని రండి. ఆ ఘాటు పోవాలి."

"మీరేగా కట్టుకోమన్నారు..."

"నేనే అన్నాను. ఇప్పుడు నేనే తీయమంటున్నాను." స్టూలు మీద నుంచి లేచింది. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది. "నాకు వాసన తెలియదు. ఆ జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ ఏ వాసనా తెలియడం లేదు. ఈ జావ మంచిదో కాదో నేను చెప్పలేను. మీరే చూసి చెప్పాలి."

గరిటె ఆవిడ ఫక్కున నవ్వింది. "ఊరుకోండి మేడమ్, మీరు భలే వేళాకోళం..." అని సగంలో ఆమె ముఖం చూసి ఆగిపోయింది. తను చెప్పేసింది. ఆకాశం విరిగి పడలేదు. చెవులు మండుతున్నాయి, ఏడుపు వస్తోంది, ఆ రెండింటి కింద ఎక్కడో బరువు దిగిన మెడలా తేలిగ్గా కూడా ఉంది, అలా ఉన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మొదట కదిలింది పెద్ద వంటాయన. ముడి విప్పి, కొళాయి దగ్గరికి వెళ్ళి, ముక్కులోకి నీళ్ళు ఎక్కించి మరీ చీది, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి పూర్తి ముఖం చూడడం ఇదే మొదలు. నెరిసిన మీసం, చుబుకం మీద పాత మచ్చ, గుడ్డ తాళ్ళు ఒరుసుకుపోయి బుగ్గల మీద ఎర్రటి గీతలు. వంగాడు. ఒకసారి పీల్చాడు. గరిటె తీసుకుని అడుగు దాకా దించి, పైకి తిప్పి, మళ్ళీ వంగాడు.

అలాగే ఉండిపోయాడు, వంగిన నడుం ఎత్తకుండా. ఆమె చూస్తోంది. ఇప్పుడు ఆ మనిషి బాగుందంటే బాగున్నట్టే, ఇంకెవరూ వాసన చూడకముందే మూత పెట్టేస్తే తను చేయగలిగింది ఏమీ లేదు. బస్తాలు బయట పెట్టించాల్సింది ఆయన, వెళ్ళే ముందు ఒక్కసారి చూసుకోవాల్సింది ఆయన, మాట బయటికి వస్తే పోయేది ఆయన ఉద్యోగమే, ఆ సంగతి ఈ గదిలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన కళ్ళలోకి చూసింది, అలవాటుగా. కనురెప్ప అదిరింది.

"మందు," అన్నాడు పెద్ద వంటాయన. "మందు వాసన వస్తోందండీ. కొంచెమే, కానీ ఉంది. పారబోసేయండర్రా. ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదు. ఆ పిండి ఎవరూ ముట్టుకోవద్దు."

నలుగురు పట్టి గిన్నెను తూము దాకా లాక్కెళ్ళారు. ఇంకో పొయ్యి మీద పాలు పెట్టించింది ఆమె, కొత్త పాలు, కొత్త గిన్నె, బయటి దుకాణం నుంచి రొట్టెలు తెమ్మని మనిషిని పంపింది, కూతురికి ఫోన్ చేసి ఏమీ తినొద్దని, పక్క మంచాల వాళ్ళకీ చెప్పమని, ఇంకాసేపట్లో వేరేది వస్తుందని చెప్పింది. "ఏమైందమ్మా?" అంటే, "వచ్చి అన్నీ చెబుతాను," అంది. తన సంచీలోంచి ఖాళీ సీసా తీసి, పారబోసే ముందు కాసిని జావ అందులోకి పట్టి మూత బిగించి, పిండి కూడా వేరే దాంట్లో వేసి సీలు వేసింది. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. గిన్నె ఒరిగింది. చిక్కటి తెల్లటి జావ బుస్సుమంటూ తూములోకి జారింది, చివరి ఆవిరి లేచింది. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారిగా వెనక్కి తగ్గి ముక్కులకి చేతులు అడ్డం పెట్టుకున్నారు, ఇప్పుడు తెలుస్తోంది వాళ్ళకి. ఆమె ఒక్కతే తూము పక్కన అలాగే నిలబడి ఉంది. వెచ్చగా తగిలింది ముఖానికి.

"మేడమ్," అన్నాడు పెద్ద వంటాయన పక్కకి వచ్చి, అరచెయ్యి ఇంకా మూతి మీదే ఉంది. "జ్వరం అంటే... వానల్లో వచ్చిందే కదా?"

"అవును."

"అంటే పోయినసారి మీరు చూసినప్పుడు..."

"అప్పుడు కూడా తెలియదు."

పోయినసారి ఇక్కడ, అంతకు ముందు బడి పిల్లల వంటగది, వృద్ధాశ్రమం, కార్మికుల క్యాంటీన్, రైలు స్టేషన్ ఎదురుగా ఉన్న హోటళ్ళు, పాల కేంద్రం, ఒక్కొక్కటీ పొగలో నుంచి బయటికి వస్తున్నట్టు కళ్ళ ముందుకి వచ్చాయి. ప్రతి చోటా తను వంగింది, పీల్చింది, తల ఎత్తింది, బాగుందంది. ఎవరో ఒకరు తిన్నారు. ఫోన్ తీసి పై అధికారికి కలిపింది. అవతల నుంచి, ఏమ్మా, మనవరాలు ఎలా ఉంది, అన్న నవ్వు గొంతు వినబడింది.

"బాగుంది సార్. మీరు ఒక పని చేయాలి. వానల దగ్గర్నుంచీ నేను సరే అన్న వంటగదులన్నీ మళ్ళీ చూడాలి, ఇవాళే మొదలుపెట్టాలి. ఎందుకో ఆఫీసుకి వచ్చి చెబుతాను. ఈసారి ముక్కు ఉన్నవాళ్ళని పంపించండి."